హైకోర్టు గడప: మురాఫా, నిగ్రానీ, మీయాదు



ఉర్దూ పంతులునైన పాపానికో పుణ్యానికో, మా కుల్కచర్ల చుట్టుపక్కల ఊళ్ల జనం తమ ఇండ్లలో ఉన్న పాత ఉర్దూ కాగితాలు చదివి చెప్పమని నా దగ్గరకు వస్తుంటారు. నిజాం కాలపు పహాణీలు, ముంతఖబ్‌లు, సేత్వార్ నకళ్లు, ఎర్రగా మాగిపోయిన స్టాంపు కాగితాలు ఎన్నో చూశాను. కొన్నేండ్ల క్రితం పక్క ఊరి ముసలి రైతు ఒకాయన రుమాలులో కట్టిన కాగితాల మూట తెచ్చినాడు. పాత ముంతఖబ్ చదివి వినిపించాను. ఆయన చెప్పిన మాట, కాగితంలోని మాట ఒకటే. మూట అడుగున కింది కోర్టు తీర్పు నకలు కూడా ఉన్నది. ఆ తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది.

"మాస్టర్ సాబ్, నా కాయితం పక్కా ఉన్నది గదా! ఇంక హైకోర్టు ఎందుకు సూడది?" అని అడిగినాడు.

నేను తీర్పు నకలు మీది తారీఖు చూశాను. నాలుగేండ్లు దాటిపోయింది. పంట అమ్మినాక పోదామని ఒక ఏడాది, బిడ్డ పెండ్లి అయినాక పోదామని ఒక ఏడాది, ఇట్లా ఆ కాగితం సందూకులోనే ఉండిపోయింది. వకీలు సాబ్ దగ్గరకు తోలుకపోతే ఆయన కూడా ముందు చూసింది తారీఖే. "కాగితం నిజమే గాని మీయాదు పోయింది" అన్నాడు.

ఆ నాటి నుంచి నాకొక ప్రశ్న పట్టుకున్నది. హైకోర్టు అంటే అన్యాయం జరిగినవాడు ఎప్పుడైనా పోయి తలుపు తట్టే చోటని మనమనుకుంటాము. అది నిజంగా అట్లా ఉన్నదా? ఎన్నడైనా అట్లా ఉండినదా? దొరికిన పుస్తకాలు చదివి, తెలిసిన వకీళ్లను అడిగి తెలుసుకున్నది మీ ముందు ఉంచుతున్నాను.

మూసీ ఒడ్డున ఎర్ర కోట

హైదరాబాదులో మూసీ నది ఒడ్డున, ఎర్రరాతితో, గుమ్మటాలతో కనిపించే హైకోర్టు భవనాన్ని 1920 ఏప్రిల్ 20న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించినారు. మరుసటి ఏడు, అనగా 1921లో, న్యాయశాఖను పరిపాలన శాఖ నుంచి వేరు చేస్తూ ఫర్మానా వెలువడింది. దొర చేతిలో ఉన్న తీర్పు పని జడ్జి చేతికి రావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఆ కాలపు కోర్టు భాష ఉర్దూ. అప్పీలును మురాఫా అనేవారు. రివిజనును నిగ్రానీ అనేవారు. గడువు మీయాదు. ఈ మూడు మాటలు మన పెద్దల నోట ఇప్పటికీ వినబడతాయి గాని వాటి మధ్య తేడా చాలామందికి తెలియదు. మురాఫాలో పై కోర్టు కేసును మళ్లీ తూకం వేస్తుంది. నిగ్రానీలో అట్లా కాదు. కింది కోర్టు తన హద్దు దాటిందా, తన పని తాను చేయక విడిచిందా, పద్ధతి తప్పిందా అన్నంతవరకే చూస్తుంది. తీర్పు మనకు తప్పుగా తోచినంత మాత్రాన నిగ్రానీ నిలువదు. మా రైతులకు బాగా తెలిసిన 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టంలో కూడా హైకోర్టుకు ఇచ్చింది నిగ్రానీ అధికారమే.

కాబట్టి హైకోర్టుకు మొదటి నుంచీ గడపలు ఉన్నవి. తారీఖు ఒక గడప, జాగా ఒక గడప, ప్రశ్న ఒక గడప, వేరే దారి ఉండడం ఒక గడప. ఒక్కొక్క దానికి మన తెలుగు నేల మీదనే ఒక్కొక్క కథ ఉన్నది.

తారీఖు గడప: 1949 డిసెంబరు

పోలీసు చర్య తరువాత తెలంగాణ రైతాంగ పోరాటంలో పట్టుబడిన కొందరికి ప్రత్యేక ట్రిబ్యునల్ 1949 ఆగస్టులో ఉరిశిక్ష వేసింది. ఆ ఏడు డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు ఆ శిక్షలను ఖాయం చేసింది. నెలన్నర తిరగకముందే, 1950 జనవరి 26న భారత రాజ్యాంగం అమలులోకి వచ్చింది, ఢిల్లీలో సుప్రీంకోర్టు వెలసింది. ఆ ఖైదీలు జనార్దన్ రెడ్డి తదితరుల పేర సుప్రీంకోర్టుకు పోయినారు. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే పేరుమోసిన బారిస్టరు వచ్చి వాదించినాడు.

కోర్టు ఏమన్నది? హైకోర్టు తీర్పు ఇచ్చిన నాటికి హైదరాబాదు రాజ్యాంగంలో చెప్పిన భారత భూభాగంలో లేదు, రాజ్యాంగం వెనుకటి తారీఖులకు పనిచేయదు, కాబట్టి ఈ అప్పీలు వినే అధికారం మాకు లేదు అన్నది. మనిషి ప్రాణం ఒక దిక్కు, క్యాలెండరు ఒక దిక్కు. ఆ తరువాత ఆ ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారినవి. అప్పీలు దారిలో మాత్రం అది దొరకలేదు. తీర్పు రెండు నెలలు ఆలస్యంగా వచ్చి ఉంటే ఆ తలుపు తెరుచుకొని ఉండేది.

జాగా గడప: కాకినాడ నుంచి ఢిల్లీ దాకా

రాజ్యాంగం 226వ అధికరణం హైకోర్టులకు రిట్లు జారీ చేసే అధికారం ఇచ్చింది. ఇది పాత నిజాం కోర్టుకు గాని, జిల్లా కోర్టులకు గాని లేని పెద్ద అధికారం. సర్కారు తప్పు చేస్తే పౌరుడు నేరుగా హైకోర్టుకు పోవచ్చును. అయితే ఆ సర్కారు ఆఫీసు ఎక్కడున్నది?

1952లో మద్రాసు శాసనసభకు కాకినాడ రిజర్వుడు స్థానంలో ఉప ఎన్నిక జరిగింది. సాకా వెంకట సుబ్బారావు గారు గెలిచినారు. ఆయనకు 1942లో ఏడేండ్ల జైలు శిక్ష పడి, 1947 ఆగస్టు 15న విడుదలైనారు. విడుదలై ఐదేండ్లు నిండలేదు కాబట్టి పోటీకి అనర్హుడన్న ప్రశ్న లేచింది. మినహాయింపు ఇవ్వమని ముందే ఎన్నికల సంఘానికి దరఖాస్తు పెట్టుకున్నారు గాని, తిరస్కరించిన ఉత్తరం ఆయనకు అందలేదు. నామినేషన్ వేసినప్పుడు ఎవ్వరూ అభ్యంతరం చెప్పలేదు. గెలిచి, సభలో కూర్చున్న తరువాత విషయం గవర్నరు దాకా పోయి, అక్కడి నుంచి ఎన్నికల సంఘం ముందుకు వచ్చింది. ఆ సంఘానికి ఈ విచారణ అధికారం లేదని ఆయన మద్రాసు హైకోర్టుకు పోయినారు. జడ్జి కోకా సుబ్బారావు గారు ఆయన పక్షాన రిట్టు ఇచ్చినారు.

1953 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ రిట్టును కొట్టివేసింది. ఇక్కడే వింత ఉన్నది. ఎన్నికైన తరువాత వచ్చే అనర్హతలకే ఆ అధికరణం వర్తిస్తుంది, ముందు నుంచి ఉన్న అనర్హతకు వర్తించదు అనే అసలు విషయంలో సుప్రీంకోర్టు సుబ్బారావు గారి అభిప్రాయాన్నే ఒప్పుకున్నది. కాని ఎన్నికల సంఘం ఆఫీసు ఢిల్లీలో ఉన్నది, మద్రాసు హైకోర్టు రిట్టు మద్రాసు రాష్ట్రపు ఎల్లలు దాటి పోదు అన్నది. అంటే వాదన సరైనదే, వినిపించిన జాగా సరైనది కాదు.

ఆ నియమంతో దేశమంతా చిక్కు వచ్చిపడింది. కేంద్ర సర్కారు ఆఫీసులు ఢిల్లీలో ఉంటే, తెలుగువాడైనా తమిళుడైనా ఢిల్లీ దిక్కు హైకోర్టుకే పోవాలి. మా కుల్కచర్ల నుంచి పరిగికి పోవడానికే బస్సు కిరాయి లెక్క చూసుకునే మనిషి ఢిల్లీకి ఏం పోతాడు? పదేండ్ల తరువాత, 1963లో రాజ్యాంగం 15వ సవరణ ఈ గడపను తగ్గించింది. తగాదాకు కారణమైన సంఘటన, పూర్తిగా గాని కొంత భాగం గాని, తమ ఎల్లలో జరిగితే, ఆఫీసు ఎక్కడ ఉన్నా ఆ హైకోర్టు రిట్టు ఇవ్వవచ్చునని రాసినారు. కాకినాడ మనిషి కోర్టులో ఓడిపోయిన విషయం పార్లమెంటులో గెలిచింది. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

అదే కోకా సుబ్బారావు గారు 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు, 1956 నవంబరులో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి అయినారు. తరువాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా అయినారు. తెలంగాణకు ప్రత్యేక హైకోర్టు 2019 జనవరి 1న ఏర్పడింది.

ప్రశ్న గడప: 1977 ఫిబ్రవరి 1

జాగా సరైనదే, తారీఖు సరైనదే. ఇంక అడిగే ప్రశ్న కూడా సరైనది కావాలి.

పరిగి మునసబు కోర్టులో దావా ఓడితే జిల్లా స్థాయి కోర్టుకు మొదటి అప్పీలు. అక్కడా ఓడితే హైకోర్టుకు రెండవ అప్పీలు. మన రైతు అనుకునేది ఏమంటే, రెండవ అప్పీలులో హైకోర్టు జడ్జి గారు సాక్షుల మాటలు, పటేల్ పట్వారీ రాతలు మళ్లీ మొదటి నుంచి చూస్తారని. అది జరగదు. 1890లోనే లండన్ ప్రివీ కౌన్సిల్, కింది కోర్టు వాస్తవం విషయంలో ఎంత పెద్ద పొరపాటు చేసినా రెండవ అప్పీలుకు అది ఆధారం కాదన్నది. 1951 ఏప్రిల్ 1 నుంచి భారత సివిల్ ప్రొసీజర్ కోడు హైదరాబాదు రాష్ట్రానికి కూడా వచ్చింది. 1976లో ఆ కోడును సవరించి, ముఖ్యమైన చట్ట ప్రశ్న ఉంటేనే రెండవ అప్పీలు అన్నారు. ఆ ప్రశ్నను అప్పీలు కాగితంలోనే స్పష్టంగా రాయాలి, హైకోర్టు దాన్ని తన మాటల్లో నిర్ణయించాలి. భూమి ఎవరు దున్నినారు అన్నది వాస్తవం. ఆ దున్నుడు చట్టం దృష్టిలో స్వాధీనం అవునా కాదా అన్నది చట్ట ప్రశ్న. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని గీత మీదనే ఎన్నో ఎకరాలు అటో ఇటో పోయినవి.

ఆ సవరణ 1977 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చింది. సరిగ్గా అదే రోజున ఎమర్జెన్సీలో చేసిన 42వ రాజ్యాంగ సవరణ ప్రకారం 226వ అధికరణం కూడా కుదించుకుపోయింది. వేరే దారి ఏదైనా చట్టంలో ఉంటే రిట్టు వినరాదన్నారు, పెద్ద నష్టం జరిగితే తప్ప వినరాదన్నారు. ఒకే రోజున హైకోర్టు తలుపులు రెండు సన్నబడినవి. సర్కారు మారిన తరువాత 44వ సవరణ 1979 ఆగస్టు 1 నుంచి రిట్టు తలుపును మళ్లీ వెడల్పు చేసింది. రెండవ అప్పీలు తలుపు మాత్రం అట్లనే ఉండిపోయింది. 2002 జులై 1 నుంచి నిగ్రానీని ఇంకా తగ్గించినారు, 25,000 రూపాయలకు మించని బాకీ దావాలలో రెండవ అప్పీలే లేకుండా చేసినారు.

రిట్టులో కూడా వాస్తవాల తూకం ఉండదు. 1963 అక్టోబరులో సయ్యద్ యాకూబ్ కేసులో, అది మద్రాసు దిక్కు బస్సు పర్మిటు తగాదా, సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది. రికార్డు మీద కంటికి కనిపించే చట్టపు తప్పు ఉంటే హైకోర్టు దిద్దవచ్చును, సాక్ష్యాన్ని మళ్లీ తూచరాదు అని.

వేరే దారి ఉన్నది గదా!

రిట్టు వేస్తే హైకోర్టు మొదట అడిగేది, "కింద అప్పీలు ఉన్నది గదా, అక్కడికి పోయినావా?" అని. ఇది రాజ్యాంగంలో రాసిన అడ్డు కాదు, కోర్టులు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు. ప్రాథమిక హక్కుకు భంగం కలిగినప్పుడు, ఎదుటివాని మాట వినకుండా ఉత్తర్వు ఇచ్చినప్పుడు, అధికారమే లేనివాడు ఉత్తర్వు ఇచ్చినప్పుడు కోర్టు దీన్ని సడలిస్తుంది.

మన పల్లెల్లో దీని దెబ్బ ఈ మధ్యనే చూశాము. 2020 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టంతో, ధరణితో రెవెన్యూ కోర్టులు పోయినవి. పేరు తప్పు పడినా, విస్తీర్ణం తగ్గినా ఆఫీసులోనే అప్పీలు చేసుకునే మెట్లు లేకపోయె. చిన్న తప్పుకు కూడా కోర్టుకే పొమ్మనిరి. 2025 నాటి భూభారతి చట్టం అప్పీలు మెట్లను మళ్లీ పెట్టింది. ఇది మంచిదే. కాని దాని వెంట పాత ప్రశ్న కూడా మళ్లీ వచ్చింది: మెట్టు ఉన్నది కాబట్టి ఆ మెట్టు ఎక్కకుండా హైకోర్టుకు రావద్దు అని. 2022లో సరైన సలహా అయినది 2026లో తప్పు సలహా కావచ్చును.

వక్ఫు ఆస్తుల కథ

ఇప్పుడు మనకు అన్నిటికంటే దగ్గరి విషయానికి వస్తాను. సుగ్రా హుమాయూన్ మీర్జా గారి పేరు మన ఆడపిల్లలకు తెలియాలి. హైదరాబాదులో స్త్రీల చదువు కోసం పాటుపడిన రచయిత్రి ఆమె, పత్రికలు నడిపింది, బాలికల బడి పెట్టింది. ఆమె పేర ఉన్న వక్ఫు తన కిరాయిదారులను ఖాళీ చేయించాలని వక్ఫు ట్రిబ్యునల్‌లో దావా వేసింది. ఆస్తి వక్ఫుదే అన్న విషయంలో తగాదా లేదు. ట్రిబ్యునల్‌లో వక్ఫు గెలిచింది. కిరాయిదారులు హైకోర్టుకు నిగ్రానీ పోతే అక్కడా వక్ఫే గెలిచింది. 2010 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ తీర్పులను రద్దు చేసింది. కిరాయిదారుని ఖాళీ చేయించే దావా వినే అధికారం 1995 చట్టం ట్రిబ్యునల్‌కు ఇవ్వలేదు, అది సివిల్ కోర్టు పని అన్నది. రెండు చోట్ల గెలిచినవారు మొదటి మెట్టు దగ్గరకు వచ్చి నిలబడినారు. మూడేండ్ల తరువాత, 2013 సవరణలో పార్లమెంటు కిరాయిదారుల తగాదాలను కూడా ట్రిబ్యునల్‌కే అప్పగించింది.

ఇంకొక సంగతి. 1995 చట్టం ప్రకారం ట్రిబ్యునల్ తీర్పు మీద మురాఫా లేదు, హైకోర్టు రికార్డు తెప్పించి చూసే నిగ్రానీ మాత్రమే ఉండేది. 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చిన వక్ఫు సవరణ చట్టం 90 రోజుల లోపల హైకోర్టుకు అప్పీలు ఇచ్చింది. ఒక దిక్కు తలుపు వెడల్పు అయింది. ఇంకో దిక్కు గడియారం వచ్చింది. పాత చట్టం 107వ సెక్షను ప్రకారం వక్ఫు స్థిరాస్తి స్వాధీనం కోసం వేసే దావాకు మీయాదు లేదు. ఖబరస్తాన్ గోడ జరిపి ఎవడైనా ఎన్నేండ్లు కూర్చున్నా, దావాకు ఆలస్యమైందని అనే వీలు లేకుండా ఉండినది. కొత్త చట్టం ఆ సెక్షనును తీసివేసి, ఇక మీదట మీయాదు చట్టం వర్తిస్తుందన్నది. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో ఈ చట్టపు కొన్ని నిబంధనలను ఆపింది గాని, మీయాదు నిబంధనను ఆపలేదు. సొంత హక్కు మీద స్థిరాస్తి స్వాధీనం అడిగే దావాకు మామూలు మీయాదు 12 ఏండ్లు. పన్నెండేండ్లు అంటే చాలా దూరం అనిపిస్తుంది. మూటలో పెట్టి సందూకులో వేస్తే అవి ఎట్లా పోతవో నేను చూసినాను.

నియమాలే తప్పా?

నియమాలే వద్దని నేను అనడం లేదు. మీయాదు లేకపోతే ఈ రోజు మన పక్షాన వచ్చిన తీర్పును మన మనుమల కాలంలో ఎదుటివాడు లేపుతాడు. గెలిచినవానికి కూడా ఒకనాడు నిశ్చింతగా నిద్ర పట్టాలి గదా. ప్రతి పొలం గట్టు తగాదా హైకోర్టు మళ్లీ మొదటి నుంచి వింటే, జైలులో అన్యాయంగా ఉన్నవాని దరఖాస్తు ఎప్పుడు వింటుంది?

కాని నియమం అందరికీ ఒకటే అయినా, దాని బరువు అందరి మీద ఒకటే కాదు. 1987లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉన్నది. కాశ్మీరు భూసేకరణ కేసులో సర్కారు అప్పీలు నాలుగు రోజులు ఆలస్యమైంది. హైకోర్టు తిరస్కరించింది. సుప్రీంకోర్టు ఆలస్యాన్ని మన్నించి, అసలు న్యాయానికి, సాంకేతిక నియమానికి పోటీ వస్తే అసలు న్యాయాన్నే చూడాలన్నది. ఎదుటి పక్షంలో ఉన్నది ఖతీజీ అనే స్త్రీ. చాలా గొప్ప మాట, నిజమే. అయితే వకీళ్లు, గుమాస్తాలు, ఫైళ్లు ఉన్న సర్కారే నాలుగు రోజులు తప్పితే, ఏ వకీలూ లేని మా ముసలి రైతు నాలుగేండ్లు తప్పడం వింత కాదు. నాలుగు రోజులకు కారణం చెప్పవచ్చు. నాలుగేండ్లకు ఆయన చెప్పగలిగినది పంట, పెండ్లి మాత్రమే.

మనము చేయవలసినది

కాకినాడ కథ దగ్గరకు మళ్లీ వస్తాను. గడపలు ఆకాశం నుంచి దిగినవి కావు. మనుషులు పెట్టినవి, మనుషులే మార్చినవి. 1963లో తగ్గినవి, 1977లో పెరిగినవి, 1979లో మళ్లీ తగ్గినవి, 2025లో ఒక దిక్కు తగ్గి ఇంకో దిక్కు పెరిగినవి. వాటిని మార్చమని అడగడం పౌరుని హక్కు. మారేదాకా తెలుసుకొని నడవడం పౌరుని జాగ్రత్త.

కాబట్టి సభ్యులకు నా మనవి. తీర్పు వచ్చిన రోజే నకలుకు దరఖాస్తు పెట్టండి. నకలు తయారు కావడానికి పట్టిన రోజులు మీయాదులో లెక్కకు రావు, నకలు చేతికి వచ్చి ఇంట్లో ఉన్న రోజులు మాత్రం వస్తాయి. సివిల్ దావాలో జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. ఈ రెండు అంకెలు ఇంటి గోడ మీద రాసుకోండి. ఏ ఆఫీసు ఉత్తర్వు వచ్చినా, దీని మీద అప్పీలు ఎక్కడ, ఎన్ని రోజుల్లో అని మొదట అడగండి. పైసలు లేవని ఊరుకోవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, చట్టంలో చెప్పిన మరికొన్ని వర్గాలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు, మిగిలినవారికి ఆదాయ పరిమితి ఉన్నది.

మన సంఘానికి కూడా ఒక మనవి. ప్రతి మసీదు, ఈద్గా, ఖబరస్తాన్, ఆషూర్‌ఖానా కాగితాల నకళ్లు ఒకచోట చేర్చి, ఒక రిజిస్టరు పెట్టి, ఎక్కడ ఆక్రమణ ఉన్నదో, ఏ తారీఖు నుంచి ఉన్నదో రాయించాలి. ఉర్దూ కాగితాలను చదివి తెలుగులో రాసిపెట్టే పని నేను చేస్తాను. ఆదివారాలు నాకు బడి ఉండదు.

ఆ ముసలాయన ఇప్పుడు లేడు. ఆయన ముంతఖబ్ నకలు నా బీరువాలో ఉన్నది. చక్కని దస్తూరీ, ఒక్క అక్షరం చెరగలేదు. అల్లా ఆయనకు మగ్‌ఫిరత్ ప్రసాదించు గాక, మనకు వేళకు మేలుకునే బుద్ధిని ప్రసాదించు గాక. ఆమీన్.